అంత్యక్రియల దగ్గరికి గొడవ వస్తే: హైదరాబాద్‌లో కుటుంబం చేసుకోవాల్సిన ఏర్పాట్లు

పోయినాయన మతం మారాడని, లేదా మారినవాడు మళ్లీ వెనక్కి వచ్చాడని, దేవుణ్ణి నమ్మనన్నాడని, వేరే మతం పిల్లని చేసుకున్నాడని, ఎప్పుడో ఏదో రాశాడని. శవం ఇంకా ఇంట్లో ఉండగానే గల్లీ మొదట్లో గుంపు చేరడానికి ఇందులో ఒక్కటి చాలు. నినాదాలు మొదలవుతాయి, శ్మశానం గేటుకు ఎవరో తాళం వేయిస్తారు, వాట్సాప్‌లో "అందరూ రండి" అని మెసేజ్ తిరుగుతుంది. చావు ఇంట్లో ఉన్నవాళ్లకు ఆ సమయంలో చట్టం చదివే ఓపిక ఉండదు. అందుకే ఏ పని ముందు చేయాలో, ఎవరికి ఏం రాసివ్వాలో, ఎక్కడ పని చెడుతుందో ఇక్కడ వరసగా చెబుతున్నాం.

ఒక మాట మొదటే గట్టిగా పట్టుకోండి. పోలీసుల్ని, కోర్టుని మీరు అడగాల్సింది దూరం, సమయం. "వాళ్ల నోరు మూయించండి" అని అడిగితే పని సగంలోనే చిక్కుపడుతుంది. "మా కార్యక్రమం అయ్యేదాకా వాళ్లని గేటు దగ్గర నిలబడనివ్వకండి" అని అడిగితే స్టేషన్‌లో ఎస్సై కూడా తల ఊపుతాడు. ఫిర్యాదు రాసేటప్పుడూ అంతే. వాళ్ల అభిప్రాయం మీద కేసు రాయకండి, వాళ్లు చేసిన పని మీద రాయండి.

ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది

అంత్యక్రియల దగ్గర మతం పేరుతో నిరసన అనగానే ప్రపంచమంతా చెప్పుకునేది అమెరికాలోని వెస్ట్‌బరో బాప్టిస్ట్ చర్చ్ సంగతి. కాన్సాస్ రాష్ట్రంలో ఒకే కుటుంబం చుట్టూ అల్లుకున్న చిన్న గుంపు అది. స్వలింగ సంపర్కుల్ని సహిస్తున్నందుకే దేవుడు అమెరికాను శిక్షిస్తున్నాడంటూ, యుద్ధంలో చనిపోయిన సైనికుల అంత్యక్రియలకు ప్లకార్డులు పట్టుకుని వెళ్లేవాళ్లు. 2006 మార్చిలో మేరీల్యాండ్‌లో ఒక సైనికుడి అంత్యక్రియల దగ్గర ఏడుగురు అలా నిలబడ్డారు. తండ్రి దావా వేశాడు. జ్యూరీ మొత్తం 1 కోటి 9 లక్షల డాలర్ల పరిహారం ప్రకటించింది, జడ్జి దాన్ని 50 లక్షలకు తగ్గించాడు, పై కోర్టు అసలు మొత్తమే కొట్టేసింది. 2011 మార్చి 2న స్నైడర్ వర్సెస్ ఫెల్ప్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు కూడా 8-1తో ఆ గుంపు వైపే తీర్పు ఇచ్చింది.

ఇది వినగానే మనకు ఒళ్లు మండుతుంది. తీర్పు ఆధారపడిన వివరాలు చూస్తే లెక్క వేరేగా కనపడుతుంది. వాళ్లు చర్చికి దాదాపు 1,000 అడుగుల దూరంలో, ప్రభుత్వ స్థలంలో, పోలీసులు చూపించిన చోటే నిలబడ్డారు. ముందుగా సమాచారం ఇచ్చారు. దారి ఆపలేదు, శ్మశానంలోకి రాలేదు, కేకలు వేయలేదు. కార్యక్రమం మొదలవడానికి ముందు అరగంట సేపు మాత్రమే ఉన్నారు. తండ్రికి ఆ రోజు ప్లకార్డుల పైభాగాలే కనిపించాయి, వాటి మీద ఏం రాసుందో ఆయన తర్వాత టీవీ వార్తల్లో చూశాడు. అంటే దూరం ఉంది కాబట్టి మాటకు రక్షణ దొరికింది. ఆ దేశంలోనే 2012లో చేసిన చట్టం ప్రకారం సైనికుల అంత్యక్రియలకు రెండు గంటల ముందు నుంచి రెండు గంటల తర్వాత దాకా 300 అడుగుల లోపల అలజడి చేయకూడదు, 500 అడుగుల లోపల రాకపోకలకు అడ్డం పడకూడదు. మాటను ఆపని దేశం కూడా చోటునూ సమయాన్నీ కొలిచి మరీ పెట్టింది.

మన రాజ్యాంగంలో లెక్క ఇంకొంచెం కుటుంబం వైపు ఉంటుంది. 19(1)(ఎ) మాట్లాడే హక్కు ఇస్తే, 19(1)(బి) ఆయుధాలు లేకుండా శాంతంగా గుమిగూడే హక్కు ఇస్తుంది. 19(2)లో పరిమితులు రాసి ఉన్నాయి: ప్రజాశాంతి, సభ్యత, పరువునష్టం, నేరానికి పురిగొల్పడం వగైరా. "నా మనసు నొచ్చుకుంది" అన్నది ఒక్కటే ఆ జాబితాలో లేదు. అందుకే, చచ్చినాయన గురించి ఎవరో ఇందిరా పార్క్ ధర్నాచౌక్‌లో అనుమతి తీసుకుని విమర్శిస్తే మీరు పెద్దగా చేయగలిగింది ఉండదు, చేయాల్సిన అవసరమూ లేదు. 1989లో రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు, మాటకూ ప్రమాదానికీ మధ్య సంబంధం మందుగుండు డబ్బాలో నిప్పురవ్వ పడ్డంత దగ్గరగా ఉంటేనే ఆపాలి అంది. మరోవైపు 21వ అధికరణంలోని గౌరవంగా బతికే హక్కు మనిషి పోయాక అతని శవానికి కూడా వర్తిస్తుందని కోర్టులు చాలాసార్లు చెప్పాయి. 2020 ఏప్రిల్‌లో చెన్నైలో కోవిడ్‌తో పోయిన డాక్టర్ శవాన్ని పూడ్చనివ్వకుండా జనం అంబులెన్స్ మీద దాడి చేస్తే, మద్రాస్ హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుని ఇదే మాట చెప్పింది.

చేతిలో పెట్టుకోవాల్సిన సెక్షన్లు

2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) వచ్చింది. పాత నంబర్లు రాస్తే పిటిషన్ చెల్లకుండా పోదు, కానీ స్టేషన్ రైటర్ దగ్గర టైమ్ పోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైంది సెక్షన్ 301, పాత 297. దీన్ని మెల్లగా చదవాలి. ఇది నాలుగు పనుల్ని నేరంగా చూస్తుంది: ప్రార్థనా స్థలంలోకి చొరబడడం, శ్మశానంలోకి లేదా అంత్యక్రియల కోసం కేటాయించిన చోటులోకి చొరబడడం, శవాన్ని అవమానించడం, అంత్యక్రియల కోసం చేరినవాళ్లకు ఆటంకం కలిగించడం. ఆ నాలుగోదే మీకు పనికొచ్చేది. అందులో "శ్మశానం లోపల" అన్న మాట లేదు. మీ ఇంటి ముందు పాడె కడుతున్నప్పుడు, రోడ్డు మీద శవయాత్రలో, మసీదు దగ్గర జనాజా నమాజ్‌లో, ఎక్కడైనా సరే, అంత్యక్రియల కోసం చేరిన మనుషులకు ఆటంకం కలిగితే చాలు. రెండో సంగతి, వాళ్లకు కావాలని మనసు గాయపరిచే ఉద్దేశం ఉందని రుజువు చేయడం ఒక్కటే దారి అనుకోకండి. మనసులు గాయపడతాయని తెలిసి చేసినా సెక్షన్ వర్తిస్తుంది. "మేం మా ధర్మం కోసం చేశాం, మీ మీద కోపం లేదు" అన్న వాదన అక్కడే ఆగిపోతుంది. శిక్ష ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పోలీసులు మెజిస్ట్రేట్ అనుమతి కోసం ఆగకుండా నమోదు చేయదగ్గ నేరం ఇది. బెయిల్ దొరికేది కూడా, కాబట్టి అదే రోజు వాళ్లను లోపల వేస్తారని ఆశ పెట్టుకోకండి.

దీనికి తోడు సెక్షన్ 126(2) రాయండి. దారికి అడ్డం నిలబడి మనిషిని కదలనివ్వకపోవడానికి నెల రోజుల సాధారణ జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఐదుగురు లేదా అంతకు మించి ఉంటే 189, బెదిరిస్తే 351.

చాలామంది లాయర్ చెప్పాడని నేరుగా 196, 299 రాసుకొస్తారు. మొదటిది మతాల మధ్య ద్వేషం రెచ్చగొట్టడం, రెండోది మత భావాల్ని ఉద్దేశపూర్వకంగా అవమానించడం. వినడానికి బరువుగా ఉంటాయి, బెయిల్ హక్కుగా దొరకని సెక్షన్లు కూడా. చిక్కేమిటంటే ఈ రెండిటిలో కోర్టు కేసు విచారణకు తీసుకోవాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ ఫైలు తిరిగి తిరిగి ఎన్నాళ్లకు వస్తుందో ఎవరూ చెప్పలేరు. 301కి ఆ అనుమతి అక్కర్లేదు. నిజంగా "వీళ్లను చంపండి, తరమండి" అన్న మాటలు రికార్డయి ఉంటే 196 తప్పకుండా రాయండి, మతకర్మ జరుగుతున్న చోట ఆ నేరం చేస్తే శిక్ష ఐదేళ్ల వరకు ఉంటుంది. ఆధారం లేకుండా బరువు కోసం రాస్తే మాత్రం మిగతా ఫిర్యాదు కూడా తేలిపోతుంది.

పోయినవాళ్ల గురించి అబద్ధాలు ప్రచారం చేస్తే సెక్షన్ 356 ఉంది. చనిపోయిన మనిషి పరువు తీస్తూ, కుటుంబాన్ని నొప్పించే ఉద్దేశంతో అన్న మాట కూడా పరువునష్టమే. ఇది స్టేషన్‌లో తేలే కేసు కాదు, మెజిస్ట్రేట్ దగ్గర ప్రైవేటు ఫిర్యాదు వేసుకోవాలి. దినాలు అయ్యాక ఆలోచించండి.

మొదటి రెండు గంటలు

ముగ్గురిని పక్కకు పిలవండి. దగ్గరి రక్తసంబంధీకులైతే మంచిది కాదు, వాళ్లకు ఏడవడానికే టైమ్ చాలదు. మేనల్లుడు, పక్కింటాయన, ఆఫీసు స్నేహితుడు, ఇలాంటివాళ్లు.

ఒకరి చేతిలో కాగితాలు. ఆసుపత్రిలో పోతే అక్కడి మరణ కారణ ధ్రువపత్రం, ఇంట్లో పోతే చూసిన డాక్టర్ రాసిచ్చింది, పోయినాయన ఆధార్, దరఖాస్తుదారు ఆధార్, శ్మశానం రసీదు. ఇవి రెండేసి జిరాక్సులు. ప్రమాదంలోనో అనుమానాస్పదంగానో పోతే పంచనామా, పోస్టుమార్టం కాగితాలు కూడా. ఒక్క కాగితం తక్కువున్నా గేటు దగ్గర గొడవ చేసేవాళ్లకు అదే సాకు అవుతుంది. "పర్మిషన్ లేదట" అన్న పుకారు పుడితే ఆపడం కష్టం.

రెండోవాళ్ల చేతిలో పోలీసు పని. 100 లేదా 112కు కాల్ చేయాలి, ఫోన్‌లో టైమ్ రాసి పెట్టుకోవాలి, పెట్రోలింగ్ వాళ్లు వచ్చినప్పుడు వాళ్లతో ఒక్కరే మాట్లాడాలి. పదిమంది పది కథలు చెబితే కానిస్టేబుల్‌కు అర్థమయ్యేది "రెండు వర్గాల గొడవ" అన్న ఒక్క మాటే, ఆ తర్వాత రిపోర్టులో కూడా అదే రాస్తాడు.

మూడోవాళ్ల పని అన్నిటికంటే కష్టం. మన పిల్లల్ని పట్టుకుని ఉండడం. గుంపు నుంచి ఒకడు మాట తూలితే మనవాడు ఒకడు చెయ్యి వేస్తాడు. ఒక్క తోపు చాలు, సాయంత్రానికి కౌంటర్ కేసు వస్తుంది. తర్వాత రాజీ బేరం మొదలవుతుంది: మీరు మీది వెనక్కి తీసుకోండి, మేం మాది తీసుకుంటాం. గట్టి ఫిర్యాదులు ఎక్కువగా చచ్చేది ఇక్కడే.

శవాన్ని ఎక్కడ ఉంచాలన్నది కూడా ఈ రెండు గంటల్లోనే తేల్చాలి. గొడవ వాసన రాగానే ఇంటికి తేవడం మానుకుని ఆసుపత్రి మార్చురీలోనే ఉంచగలిగితే సగం ఒత్తిడి తగ్గుతుంది. ఇంట్లో అద్దె ఫ్రీజర్ బాక్స్ పెడితే కరెంటు పోతే ఏం చేయాలో ముందే చూసుకోండి, ఇన్వర్టర్ మీద చాలావరకు నడవదు. ఎండాకాలంలో బాక్స్ లేకుండా కొన్ని గంటలు దాటితే ఇక ఆగే వీలుండదు, తొందరలో చేసిన నిర్ణయాలన్నీ అవతలివాళ్లకు కలిసొస్తాయి.

బందోబస్తు పిటిషన్

నోటితో చెప్పి వస్తే సరిపోదు. అర పేజీ కాగితం రెండు కాపీలు తీసుకెళ్లి, రెండోదాని మీద స్టాంపు, సంతకం, టైమ్ వేయించుకోండి. ఇలా రాయొచ్చు:

"స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి, ........ పోలీస్ స్టేషన్.

మా నాన్నగారు ........ నిన్న రాత్రి ........ గంటలకు చనిపోయారు. ఈ రోజు మధ్యాహ్నం 2 గంటలకు ఇంటి నుంచి ........ రోడ్డు, ........ చౌరస్తా మీదుగా ........ శ్మశానవాటికకు వాహనంలో తీసుకెళ్తున్నాం. సుమారు 80 మంది ఉంటారు. అక్కడ కార్యక్రమం 3 నుంచి 4.30 వరకు. రసీదు జత చేశాను.

ఈ ఉదయం 9.10కి ఆరుగురు మా ఇంటికి వచ్చి, ఇక్కడ పూడ్చనివ్వం అన్నారు. 9.40కి ........ అనే వాట్సాప్ గ్రూపులో మధ్యాహ్నం గేటు దగ్గరికి రమ్మని మెసేజ్ పెట్టారు. స్క్రీన్‌షాట్ జత చేశాను.

మధ్యాహ్నం 1 నుంచి 5.30 వరకు మా గల్లీ దగ్గర, శ్మశానం గేటు దగ్గర బందోబస్తు ఇవ్వాలని, నిరసన తెలిపేవాళ్లు ఎవరైనా ఉంటే గేటుకు, దారికి దూరంగా నిలిపి ఉంచాలని, అడ్డగిస్తే బీఎన్ఎస్ 301, 126(2) కింద చర్య తీసుకోవాలని కోరుతున్నాను."

దీంట్లో ప్రతి లైనుకూ పని ఉంది. దారి పేర్లు రాస్తే ట్రాఫిక్ వాళ్లకు సమాచారం వెళ్తుంది. జనం సంఖ్య తక్కువ చేసి రాయకండి, 80 అని రాసి 400 మంది వస్తే మీ మాట మీద నమ్మకం పోతుంది. కార్యక్రమానికి గంట ముందు, గంట తర్వాత కూడా బందోబస్తు అడగండి. గొడవ ఎక్కువగా శవం చేరే అరగంట ముందు, మనుషులు తిరిగి వెళ్లేటప్పుడు జరుగుతుంది. వచ్చినవాళ్లు అన్న మాట ఉన్నదున్నట్టు రాయండి, తిట్టు అయినా సరే. "అసభ్యంగా మాట్లాడారు" అని సర్దేస్తే కోర్టులో దానికి విలువ లేదు. అలాగే "నిరసన తెలిపేవాళ్లను దూరంగా నిలపాలి" అన్న మాట చూడండి. వాళ్లకు మాట్లాడే హక్కు లేదని మీరెక్కడా అనలేదు. రేపు వాళ్ల లాయర్ వాక్‌స్వాతంత్ర్యం అని లేచినా పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

ఇల్లు ఒక స్టేషన్ పరిధిలో, శ్మశానం ఇంకో స్టేషన్ పరిధిలో ఉండడం ఈ ఊళ్లో మామూలే, ఒక్కోసారి కమిషనరేటే మారిపోతుంది. రెండు చోట్లా ఇవ్వండి, ఏసీపీ ఆఫీసుకు వాట్సాప్‌లో ఫోటో పంపండి. నగరంలో నిషేధాజ్ఞలు జారీ చేసే అధికారం పోలీస్ కమిషనర్ చేతిలోనే ఉంటుంది, బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 163 కింద. పాతవాళ్లు ఇప్పటికీ 144 అనే అంటారు. ఊరేగింపులు, గుమిగూడడాల మీద నియంత్రణకు నిజాం కాలం నాటి హైదరాబాద్ సిటీ పోలీస్ చట్టం, 1348 ఫస్లీ కూడా ఉంది. ముందు రోజే బెదిరింపులు వచ్చి ఉంటే బైండోవర్ చేయమని (గొడవ చేయమని వాళ్ల చేత పూచీ రాయించుకోవడం), అవసరమైతే బీఎన్ఎస్ఎస్ 170 కింద ముందస్తుగా అదుపులోకి తీసుకోమని అడగొచ్చు. ఆ అదుపు 24 గంటలు దాటకూడదు. అడగాల్సిన దాని కంటే ఎక్కువ అడగకండి.

దారి, సమయం, గేటు

శవయాత్రను గంట ముందుకు జరపడం తప్పేమీ కాదు. ముహూర్తం పట్టింపు లేని ఇళ్లలో ఇదే మొదటి ఉపాయం. లొకేషన్, టైమ్ పెద్ద గ్రూపుల్లో పెట్టకండి, దగ్గరివాళ్లకు ఫోన్ చేసి చెప్పండి. ఫ్లెక్సీ మీద శ్మశానం పేరు, టైమ్ వేయించడం ఈ రోజు మానేయండి. నడిచి వెళ్లే దూరమైనా వాహనం పెట్టండి, చౌరస్తాల్లో పాడె ఆపడం, డప్పులు ఆ ఒక్క రోజుకు తగ్గించండి.

అవతలివాళ్లు మైకు, డీజే పెడితే అదో సులువైన అభ్యంతరం. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి ఉండాలి. అందులో ఏం చెబుతున్నారన్న చర్చలోకి దిగకుండానే, అనుమతి కాగితం చూపించమని పోలీసుల చేత అడిగించండి. చాలా గుంపులు అక్కడే పల్చబడతాయి.

గేటు దగ్గర ఇద్దరు పెద్దమనుషుల్ని పెట్టండి. లోపలికి వచ్చేవాళ్లను ఆపడానికి కాదు, పలకరించడానికి. గొడవకు వచ్చినవాడు "మీరు ఎవరి తరఫు?" అని అడిగితే సగం చోట్ల వెనక్కి తగ్గుతాడు.

వీడియో ఒక్కరే తీయాలి, ఆపకుండా తీయాలి. గేటు బోర్డు, గడియారం లేదా ఫోన్ టైమ్, గుంపు నిలబడిన చోటు, శవం వచ్చే దారి ఒకే ఫ్రేములో రావాలి. దగ్గరికెళ్లి మొహం మీద ఫోన్ పెడితే అదే రెచ్చగొట్టడం అవుతుంది. వీడియోను ఆ రాత్రే వాట్సాప్‌లో తిప్పకండి. ఫార్వర్డ్ అయితే ఫైలు కుదించుకుపోతుంది, రేపు కోర్టులో అసలుది ఏదన్న ప్రశ్న వస్తుంది, అంతకంటే ముందు ఊళ్లో ఇంకో గొడవ లేస్తుంది. తీసిన ఫోన్‌ను ఫార్మాట్ చేయకుండా పెట్టండి. భారతీయ సాక్ష్య అధినియంలోని సెక్షన్ 63 ప్రకారం ఆ రికార్డింగ్‌కు సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలును మార్చలేదని చూపించే కోడ్) రాయాల్సిన భాగం ఉంటుంది, నిపుణుడు సంతకం చేసే భాగం వేరే ఉంటుంది. చుట్టుపక్కల సీసీ కెమెరాల ఫుటేజీ కొన్నాళ్లకే చెరిగిపోతుంది, కాబట్టి కెమెరా ఉన్న చోటు, టైమ్ రాసి భద్రపరచమని మర్నాడే స్టేషన్‌లో ఇంకో కాగితం ఇవ్వండి.

మన వైపు నుంచే చెడేవి

మన వాళ్ల నినాదాలు. పోయినాయన సంఘం వాళ్లో, పార్టీ వాళ్లో వచ్చి అవతలి మతం మీద రెండు మాటలంటే మీరు బాధితులు కాకుండా పోతారు. జెండా తెస్తామంటే వద్దని ముందే చెప్పండి. మొహమాటపడకండి.

రోడ్డు మీద శవం పెట్టి ధర్నా. న్యాయం జరిగేదాకా కదలం అని మన దగ్గర బాగా అలవాటైపోయింది. రాజస్థాన్‌లో 2023లో శవంతో నిరసన చేయడాన్నే నేరంగా చేస్తూ చట్టం తెచ్చారు. తెలంగాణలో అలాంటిది లేకపోయినా, రోడ్డు ఆపినందుకు మీ మీద కేసు పెట్టడానికి ఉన్న సెక్షన్లు చాలు. పైగా మీ ఫిర్యాదంతా శవానికి గౌరవం మీద నిలబడి ఉంది.

ఇంటి లోపలి తగువు అన్నిటికన్నా ప్రమాదం. అన్న దహనం అంటాడు, భార్య భూస్థాపన అంటుంది, చెల్లెలు ఆయన మెడికల్ కాలేజీకి రాసిచ్చాడు అంటుంది. బయటి సంస్థలకు ఆ పగులే ద్వారం. కేరళలో సీపీఎం నాయకుడు ఎం.ఎం. లారెన్స్ 2024 సెప్టెంబర్‌లో పోయినప్పుడు శరీరదానమా, చర్చి పద్ధతిలో పూడ్చడమా అన్న పిల్లల తగువు హైకోర్టు దాటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, చివరికి శరీరదానం వైపే నిలిచింది. బతికుండగానే ఇద్దరు సాక్షుల సంతకంతో తన అంత్యక్రియలు ఎలా జరగాలో రాసిపెట్టడం అపశకునమని మన ఇళ్లలో అనుకుంటారు. మతాంతర పెళ్లిళ్లు ఉన్న ఇళ్లు, నాస్తికులు, మతం మారినవాళ్లు అయినా ఈ పట్టింపు వదులుకోవాలి. ఒక పేజీ చాలు, కాపీ ఒకటి భార్య లేదా భర్త దగ్గర, ఒకటి బయటి స్నేహితుడి దగ్గర.

చోటే ఇవ్వం అంటే

ఇది నినాదాల కంటే పెద్ద సమస్య. గేటు దగ్గర వాదించకండి. చోటు ఎవరిదో ముందు తేల్చుకోండి: మున్సిపాలిటీదా, వక్ఫ్ కిందదా, చర్చి కమిటీదా, కుల సంఘానిదా. ఖబరస్తాన్ కమిటీ సంతకం, చర్చి సభ్యత్వ లేఖ, మున్సిపల్ రసీదు, ఏది వర్తిస్తే అది చేతిలో ఉండాలి. రెండో చోటు కూడా నోటి మాటగా ఖాయం చేసి ఉంచుకోండి, వాడకపోయినా. సొంత పొలంలోనో ఖాళీ ప్లాటులోనో పూడుస్తాం అన్నది ఎక్కువమందికి తట్టే ఆలోచన. 2025 జనవరిలో ఛత్తీస్‌గఢ్ బస్తర్ ప్రాంతంలో ఒక పాస్టర్ శవం విషయంలో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీలు సరిగ్గా ఈ ప్రశ్న మీదే విడిపోయారు. జస్టిస్ నాగరత్న సొంత భూమిలో పూడ్చుకోనివ్వమన్నారు, జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ కేటాయించిన శ్మశానంలోనే అన్నారు. శవం అప్పటికే 20 రోజులుగా మార్చురీలో ఉంది కాబట్టి ఇద్దరూ కలిసి 20 కిలోమీటర్ల పైగా దూరంలోని క్రైస్తవుల శ్మశానంలో పోలీసు రక్షణతో పూడ్చమన్నారు. సొంత భూమి మీద అంత ధీమా పెట్టుకోకండి.

స్టేషన్ కదలకపోతే అదే రోజు హైకోర్టుకు వెళ్లొచ్చు. 226వ అధికరణం కింద రిట్ వేసి లాయర్ పొద్దున్నే లంచ్ మోషన్ అడుగుతాడు, ఒప్పుకుంటే మధ్యాహ్నమే వింటారు. సెలవు రోజైతే హౌస్ మోషన్. దీనికి కావాల్సింది పొడుగాటి వాదన కాదు: మరణ ధ్రువపత్రం, శ్మశానం రసీదు, స్టాంపు వేసిన ఆ పిటిషన్ కాపీ, స్క్రీన్‌షాట్లు. స్టాంపు లేకపోతే "వాళ్లు మా దగ్గరికి రాలేదు" అని ప్రభుత్వ లాయర్ అనేస్తాడు, కథ మొదటికి వస్తుంది. కోరేది కూడా చిన్నగా ఉండాలి: ఫలానా చోట, ఫలానా గంటల మధ్య రక్షణ.

తర్వాత

ఎఫ్‌ఐఆర్ ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు, పరిధి కాకపోతే జీరో నంబరుతో తీసుకుని పంపాలి. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. కాపీ ఉచితం. తీసుకోకపోతే డీసీపీకి రిజిస్టర్డ్ పోస్టు, అదీ కాకపోతే మెజిస్ట్రేట్. దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో 90 రోజుల్లోపు మీకు చెప్పాల్సిన బాధ్యత పోలీసులది, ఫోన్‌లోనైనా. మరణ నమోదు 21 రోజుల్లోపు కావాలి, గొడవలో పడి ఇది మర్చిపోయే ఇళ్లు ఎక్కువ.

సంస్మరణ సభో, పదకొండో రోజో, నలభయ్యో రోజో హాల్లో పెట్టుకుంటే పాత పిటిషన్‌లోనే తేదీ, చోటు మార్చి మళ్లీ ఇవ్వండి, ఎఫ్‌ఐఆర్ నంబర్ జత చేయండి. హాల్ వాళ్లకు కూడా స్టాంపు వేసిన కాపీ ఒకటి ఇవ్వండి. లేకపోతే ఎవరో ఒక్క ఫోన్ చేస్తారు, ముందు రోజు రాత్రి బుకింగ్ రద్దయిందని మీకు మెసేజ్ వస్తుంది.